కొండ మీద తాళి, ఊళ్లో విందు

పిల్ల కొండ మీద పెళ్లి చేసుకుంటానంటోంది. లైట్ల మండపం వద్దు, గుడి ముందు చెట్టు నీడన పీటలు వేస్తే చాలంటోంది. మీకూ ఆ మాట నచ్చింది. కానీ బుచ్చిరెడ్డిపాలెంలో మిద్దెక్కి చూస్తే నాలుగు దిక్కులా వరిమళ్లే. ఏ కొండకు పోవాలి? ఎంతమందితో పోవాలి? వంట ఎక్కడ? మోకాళ్ల నొప్పులున్న అవ్వ సంగతేంది? పిలవని బంధువులకు ఏం చెప్పాలి? ఇవన్నీ ఒకేసారి మీద పడేసరికి చాలా ఇళ్లలో రెండింట్లో ఒకటి జరుగుతుంది. కోరికను పక్కనపెట్టి దగ్గర్లోని కళ్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చేస్తారు. లేదా ఊళ్లో చేయాల్సిన పెళ్లినంతా లారీకెత్తి కొండ మీద దించుతారు. మొదటి పద్ధతిలో పిల్ల కోరిక పోతుంది. రెండో పద్ధతిలో కొండే పోతుంది. అంత దూరం వెళ్లినా జనం, మైకు, విస్తళ్ల కోసం తోపులాట తప్ప మరేమీ గుర్తుండదు.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. కొండ మీద పెళ్లి కొండ వల్ల చెడదు, మోసుకెళ్లిన బరువు వల్ల చెడుతుంది. అందుకని పెళ్లిని రెండు చోట్లకు పంచండి. తాళి, తలంబ్రాలు, సప్తపది కొండ మీద జరగనివ్వండి. పిలుపులు, పలకరింపులు, భోజనాలు ఊళ్లో పెట్టుకోండి. ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. మన పెళ్లి ఎప్పుడూ ఒకే చోట, ఒకే పూట జరిగేది కాదు. తాంబూలాలు ఒకనాడు, పసుపు దంచడం ఇంకోనాడు, పెళ్లికూతుర్ని చేయడం ఆమె ఇంట్లో, పెళ్లికొడుకుని చేయడం అతని ఇంట్లో, తాళి కట్టాక సత్యనారాయణ వ్రతం మరోచోట. ఇన్ని ముక్కలుగా ఉన్న వేడుకలో ఒక ముక్కను కొండకు పంపితే సంప్రదాయం తప్పినట్టు కాదు. అన్ని ముక్కలనూ ఒకే మండపంలో ఒకే రాత్రి కుక్కేయడమే ఈమధ్య వచ్చిన అలవాటు.

ఏ కొండ అంటే, మనకు కరువేం లేదు. జొన్నవాడ దగ్గర నిలబడితే పెన్నకు అవతల నరసింహకొండ కనిపిస్తుంది, అక్కడ వేదగిరి లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. రాపూరు మండలంలో వెలిగొండల ఒడిలో పెంచలకోన ఉంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడింది ఆ అడవిలోనేనని స్థలపురాణం. తిరుమల సంగతి చెప్పనక్కర్లేదు. పాపవినాశనం రోడ్డులోని కళ్యాణవేదికలో 2016 నుంచి టీటీడీ ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తోంది. పురోహితుడు, మేళం, పసుపు కుంకుమలు దేవస్థానానివే. గోదావరి వైపు వియ్యంకులైతే అన్నవరం రత్నగిరి మాట ఎత్తుతారు. నాలుగూ నాలుగు రకాలు. దగ్గరగా, చిన్నగా కావాలంటే నరసింహకొండ. అడవి, సెలయేరు కావాలంటే పెంచలకోన. ఏర్పాట్ల భారం తగ్గాలంటే తిరుమల. ఎంచుకున్నాక ఈ కింది ఎనిమిది మెట్లూ వరసగా ఎక్కండి.

1. కొండకంటే ముందు నెల చూడండి

అందరూ చేసే మొదటి తప్పు ముహూర్తం పెట్టించుకుని తర్వాత వానల గురించి ఆలోచించడం. నెల్లూరు సీమకు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. కార్తీక, మార్గశిర ముహూర్తాలు పడేది సరిగ్గా అప్పుడే. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారీ దెబ్బతింది. అదే నెల వానలకు తిరుమల ఘాట్ రోడ్లు కూడా మూతపడ్డాయి. ఆ వారంలో కొండ మీద ముహూర్తం పెట్టుకున్న ఇంటివాళ్ల గతేమిటో ఊహించుకోండి. వైశాఖంలో వాన బెడద లేదు, ఎండ ఉంది. పైగా నృసింహ జయంతి ఆ నెలలోనే గనుక పెంచలకోనలో బ్రహ్మోత్సవాల రద్దీ ఉంటుంది. మిగిలిన వాటిలో మాఘం మేలు. వానలు వెనకబడతాయి, ఎండలు ఇంకా ముదరవు, ముహూర్తాలకూ లోటుండదు. “జాతకాల ప్రకారం కార్తీకమే కుదిరింది, ఏం చేయమంటారు?” అని అడగొచ్చు. అప్పుడు కొండ మానుకోనక్కర్లేదు, కానీ పైన కప్పు ఉన్న మండపమే తీసుకోండి, ముందురోజే చేరుకోండి, ఊళ్లో జరపాల్సి వస్తే ఏ గుడిలో అన్నది కూడా మాట్లాడి ఉంచుకోండి. బుచ్చిలో కోదండరామస్వామి ఉండగా ఆ మాట పెద్ద కష్టం కాదు.

2. పెళ్లి జరిగే గంటకే వెళ్లి చూసి రండి

గుడి బాగుందని ఫొటోల్లో చూసి నిర్ణయించకండి. ముహూర్తం ఉదయం అయితే ఉదయమే, అదే వారం రోజున వెళ్లండి. ఎండ ఎటు పడుతోంది? బండి ఎంత దగ్గరకు వస్తుంది? దిగాక మెట్లెన్ని? ఆడవాళ్లు చీర మార్చుకోవడానికి గది ఉందా? మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయా? సెల్ సిగ్నల్ ఉందా? అదే రోజు అక్కడ ఇంకెన్ని పెళ్లిళ్లున్నాయి? ఈ ఏడింటికీ జవాబు రాసుకుని రండి. గుడి ఆఫీసులో రుసుము, మండపం ఎన్ని గంటలకు ఇస్తారు, బయటి పురోహితుణ్ణీ మేళాన్నీ అనుమతిస్తారా, పొయ్యి పెట్టుకోవచ్చా అన్నవి అడిగి రసీదు తీసుకోండి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుంటే, ముహూర్తం దగ్గర పడ్డాక అదే మండపానికి ఇంకో పెళ్లివారు వస్తారు. అప్పుడు రసీదు ఉన్నవాళ్లే గెలుస్తారు.

3. మనుషుల్ని బండి సీట్లతో లెక్కపెట్టండి

ఊళ్లో పెళ్లికి విస్తళ్ల లెక్క. కొండ పెళ్లికి సీట్ల లెక్క. ఒక బస్సు, నాలుగు కార్లు అనుకున్నారంటే దాదాపు అరవై మంది. రెండు వైపులకూ చెరి ముప్పై. ఆ సంఖ్యను మొదటే వియ్యాలవారితో కూర్చుని తేల్చండి, ఎవరి పేర్లనేది తర్వాత. పేర్లతో మొదలుపెడితే ఒక పెదనాన్న పేరు రాయగానే మిగతా చిన్నాన్నలందరూ రాయాల్సి వస్తుంది, జాబితా రెండు బస్సులు దాటాకగానీ ఆగదు. “మాకు పిలుపే లేదా?” అనే మాట తప్పదని భయమా? పిలుపు లేకపోతే తప్పు, విందుకు పిలుపు ముందే అందితే తప్పు కాదు. అందుకని శుభలేఖలో రెండు వేడుకలూ రాయండి. పంచేటప్పుడు పెద్దలే నోరు తెరిచి చెప్పాలి: “వదినా, కొండ మీద బండెడు మందిమే. నువ్వు మాత్రం ఊళ్లో విందుకు ముందురోజే రావాల.” ముందు చెబితే అది మర్యాద. పెళ్లయ్యాక చెబితే సంజాయిషీ.

కొండెక్కలేని అవ్వల, తాతల విషయంలో పొరపాటు ఇంకోలా జరుగుతుంది. బతిమాలి బండెక్కిస్తారు, అక్కడ కుర్చీ కూడా వేయరు. అవ్వను తీసుకెళ్తే ఆమె పక్కన రోజంతా ఉండే ఒక మనిషిని పేరు పెట్టి నియమించండి. తీసుకెళ్లలేకపోతే ఇంట్లో జరిగే వేడుకకు ఆమెనే పెద్ద చేయండి. పసుపు దంచేటప్పుడు మొదటి రోకటి పోటు ఆమెది, పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మొదటి నలుగు ఆమెది. తాళి చూడలేకపోయినా, ఆమె చేతుల మీదుగానే పెళ్లి మొదలైందన్నది ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

4. ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడగండి

“ఇది కొండ మీద లేకపోతే పెళ్లి ఆగుతుందా?” ఇదీ ఆ ప్రశ్న. పురోహితుడితో కూర్చుని క్రతువులో తప్పనిసరివి ఏవో రాయించుకోండి. చట్టం కూడా ఇక్కడ మీకు తోడొస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి వధూవరుల్లో ఒకరి ఆచారం ప్రకారమైనా జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఇదే గుర్తుచేసింది. క్రతువు జరగకుండా ఉత్త కాగితం మీద పెళ్లి నిలవదని చెబుతూ, పెళ్లంటే ఆటపాటల, విందు వినోదాల సందర్భం మాత్రమే కాదని హెచ్చరించింది. అంటే మంగళసూత్రం, మెట్టెలు, మధుపర్కాలు, జీలకర్ర బెల్లం, తెర, తలంబ్రాలు, హోమానికి కావలసినవి కొండెక్కాలి. స్టేజీ, సోఫా, డీజే, వందల ప్లేట్ల బఫే దిగువనే ఉండిపోవచ్చు.

అలంకారం విషయంలో పొదుపుగా ఉండమనడం పిసినారితనం కాదు. అరటి బోదెలు, మామిడాకుల తోరణం, కొబ్బరాకుల పందిరి మన పొలాల్లో దొరికేవే, గుడి దగ్గర కంటికి ఇంపుగా ఉండేవే. థర్మోకోల్ తోరణం అక్కడ అతికినట్టుండదు, తర్వాత ఎత్తి పారేయడం ఇంకో పని. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం. టపాసులు, పెద్ద మైకులు, ప్లాస్టిక్ గ్లాసులు ఇంట్లోనే వదిలేయండి. తిరుమలలోనూ ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు నిషేధం ఉంది, స్టీలు చెంబులూ రాగి బిందెలూ పట్టుకెళ్లండి. భోజనం విషయంలో కూడా అంతే. కొండ మీద పులిహోర, దద్దోజనం, చక్కెర పొంగలి, వడ చాలు. ఆకలి తీరుతుంది, చల్లారినా రుచి పోదు, వడ్డనకు సైన్యం అక్కర్లేదు.

5. ముహూర్తం నుంచి వెనక్కి లెక్క కట్టండి

మనం ఇంటి దగ్గర బయల్దేరే వేళ నుంచి ముందుకు లెక్కేస్తాం. కొండ పెళ్లికి తిరగేసి లెక్కేయాలి. ముహూర్తం ఉదయం 9 గంటల 40 నిమిషాలకనుకోండి. 8:30కి పీటల మీద కూర్చోవాలి. అలంకారానికి గంటన్నర, అంటే 7 గంటలకు పూలజడ మొదలవ్వాలి. స్నానం, కాఫీ కలిపి 5:30కి లేవాలి. ఇప్పుడు చెప్పండి, ఆ తెల్లవారుజామున బుచ్చిలో బస్సెక్కితే పెంచలకోనకు పెళ్లికూతురు ఏ స్థితిలో చేరుతుంది? బుచ్చి పెన్నకు ఉత్తరాన ఉంది, పెంచలకోన దక్షిణాన. నెల్లూరు చుట్టి పోవచ్చు, లేదా 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజి మీదుగా దాటి పొదలకూరు, రాపూరు దారి పట్టొచ్చు. ఎటు పోయినా రెండు గంటలకు తగ్గదు. కాబట్టి వధూవరులు, తల్లిదండ్రులు, పురోహితుడు, పెళ్లి సామాను ముందురోజు సాయంత్రానికే అక్కడుండాలి. మిగతావాళ్లు పొద్దున రావచ్చు. ముహూర్తం అర్ధరాత్రో తెల్లవారుజామునో పడితే పగటి ముహూర్తం ఉందేమో అడగండి. రాత్రిపూట అడవి దారిలో బస్సెడు జనాన్ని నడిపించడం ఎవరికీ మంచిది కాదు. తాళిబొట్టు, మెట్టెలు ఉన్న పెట్టె తల్లి చేతిలోనే ఉండాలి. “ఎవరి బండిలో పెట్టామో” అనే వెతుకులాట ఒక్కటి చాలు ఆ ఉదయమంతా పాడవడానికి.

6. గుర్తుండాల్సినవి ముందే ఎంచుకోండి

పెళ్లి ఏర్పాట్ల జాబితాలో ఎవరూ రాయనిది ఇదే. జ్ఞాపకం దానంతటదే వస్తుందనుకుంటాం. 2014లో అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ పరిశోధకురాలు కొందరిని మ్యూజియంలో తిప్పింది. కొన్ని వస్తువులను ఉత్తగా చూడమంది, కొన్నిటికి ఫొటో తీయమంది. ఫొటో తీసిన వస్తువులే వాళ్లకు తక్కువ గుర్తున్నాయి. కెమెరాలో ఒక భాగాన్ని దగ్గరగా చూసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. మ్యూజియం వేరు, పెళ్లి వేరు, నిజమే. అయినా తాళి కట్టే క్షణంలో అరవై మందిలో యాభై మంది సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుంటే ఆ పెళ్లిని కళ్లతో చూసింది ఎవరు? “ఒక్కసారి వచ్చే రోజు, ఫొటోలు వద్దంటారా?” అనకండి. వద్దనడం లేదు, ఆ పని ఒకరికే అప్పగించమంటున్నాను. ఫొటోగ్రాఫర్‌కు జీలకర్ర బెల్లం, తాళి, సప్తపది, అప్పగింతలు అని నాలుగు ఘట్టాలు చెప్పండి. బంధువులకు తాళి కట్టేంతసేపు ఫోన్లు సంచీలో పెట్టమని పురోహితుడి చేత ఒక్క మాట చెప్పించండి. ఆయన చెబితే వింటారు.

రోజు ఎలా ముగుస్తుందన్నదీ చూసుకోండి. 1993లో డేనియల్ కానెమన్ బృందం కొందరి చేతులను చన్నీళ్లలో పెట్టించింది. ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో 60 సెకన్లు. ఇంకోసారి అవే 60 సెకన్లు, ఆపైన మరో 30 సెకన్లు నీటిని కొద్దిగా వెచ్చబరుస్తూ. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నా ముగింపు కాస్త నయంగా ఉన్నదే నయమనిపించింది. ఇక మన పెళ్లిళ్లు ఎలా ముగుస్తాయి? డ్రైవర్ బత్తా దగ్గర గొడవ, వంటవాళ్ల లెక్క తేలకపోవడం, పాత్రలు తక్కువయ్యాయని కేకలు. అందుకే ఇవ్వాల్సిన డబ్బులన్నీ కవర్లలో పెట్టి పేర్లు రాసి ముందురోజే మేనమామ చేతికివ్వండి. కొండ దిగేముందు కొత్త జంటకు గంటసేపు ఏ పనీ, ఏ ఫొటోలూ లేకుండా వదిలేయండి. పెంచలకోనలో ఏటి ఒడ్డు ఉంది, నరసింహకొండ మీద నుంచి పెన్న కనిపిస్తుంది. ఆ గంటను కూడా కార్యక్రమంలో రాసుకోండి. రాయకపోతే దాన్ని ఇంకెవరో మింగేస్తారు.

7. ఊళ్లో విందుకు ఖర్చు తగ్గించండి, జనాన్ని కాదు

“కొండ మీద పెళ్లంటే డబ్బులేక చేశారనుకుంటారు” అనేది గట్టి అభ్యంతరమే. దానికి సమాధానం ఊళ్లో పెట్టే విందులోనే ఉంది. 2015లో అమెరికన్ ఆర్థికవేత్తలు ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియలాన్ మూడు వేల మందికి పైగా జనాన్ని అడిగి ఒక పరిశీలన ప్రచురించారు. పెళ్లికి ఎక్కువ ఖర్చుపెట్టిన వాళ్లలో విడిపోయిన జంటలు ఎక్కువగా, ఎక్కువమంది అతిథులు వచ్చిన పెళ్లిళ్లలో తక్కువగా కనిపించాయి. అది వాళ్ల దేశపు లెక్క, కారణం ఇదేనని తేల్చింది కూడా కాదు. అయినా ఆలోచించదగ్గ మాట: అండగా నిలిచేది పూల స్టేజీ కాదు, వచ్చిన మనుషులు.

రెండు వేడుకలంటే రెండు ఖర్చులు కదా? లెక్కేసి చూడండి. విందుకు ముహూర్తం అక్కర్లేదు. మంచి లగ్నం లేని ఆదివారం పెట్టుకుంటే మండపాలు, వంటవాళ్లు, షామియానా వాళ్లు ఖాళీగా ఉంటారు, బేరం మీ చేతిలో ఉంటుంది. కొండ మీద అలంకారం, స్టేజీ, భారీ వంట లేనందువల్ల ఆ ఖర్చు ఇక్కడికి మళ్లుతుంది. గుడి దగ్గర వీలుకాని నెల్లూరు చేపల పులుసు ఇక్కడ నిస్సంకోచంగా పెట్టొచ్చు. అందరికీ తెలిసేలా, అందరూ తినేలా పెట్టిన విందు ముందు “డబ్బులేక చేశారు” అనే మాట నిలవదు. కొత్త జంట స్టేజీ మీద నిలబడి ఫొటోలు దిగడం కాకుండా పంక్తి పంక్తికీ వచ్చి పలకరిస్తే, కొండకు రాలేనివాళ్ల మనసులో మిగిలిన కాస్త ముల్లు కూడా పోతుంది.

8. మొదటి వారంలో మూడు పనులు

మరపు మొదటి రోజుల్లోనే ఎక్కువగా కమ్ముకుంటుందని 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని చెప్పాడు. కాబట్టి ఏడాది పండక్కి ఆల్బమ్ తిరగేద్దామని వాయిదా వేయకండి. మొదటి పని: వధూవరులు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, ఆ రోజు గురించి చెరి రెండు పేజీలు రాయాలి. తర్వాత మార్చుకుని చదవాలి. ఒకరు చూసింది ఇంకొకరు చూసి ఉండరు. రెండో పని: కొండకు వచ్చినవాళ్లలో పదిమందికి ఫోన్ చేసి “నీకు ఏం గుర్తుంది?” అని అడిగి రికార్డు చేసుకోండి. పీటల మీద తలొంచుకు కూర్చున్న జంటకు తమ పెళ్లిలో సగం తెలియదు, అది వీళ్ల దగ్గరే ఉంటుంది. మూడో పని: పెళ్లి రిజిస్ట్రేషన్. 2002 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో అది తప్పనిసరి. వయసు, చిరునామా రుజువులు, పెళ్లి ఫొటో, శుభలేఖ, గుడి రసీదు ఒకే ఫైలులో పెట్టుకుని సాక్షులతో వెళ్లండి. సాక్షులు కొండకు వచ్చినవాళ్లయితే మేలు. వాళ్లు మళ్లీ ఉద్యోగాలకు ఊళ్లు పట్టిపోకముందే ఆ పని ముగించండి.

చివరిగా ఒక సందేహం మిగులుతుంది. ఇంత లెక్క, ఇంత జాబితా ఉంటే అది నిరాడంబరమైన పెళ్లి ఎలా అవుతుంది? నిరాడంబరంగా కనిపించే పెళ్లికే ముందుచూపు ఎక్కువ కావాలి. మండపంలో ఏదైనా మరిచిపోతే వీధి చివర అంగడి ఉంటుంది, కొండ మీద ఉండదు. ముందే ఆలోచించి వదిలేసినది సాదాతనం. ఆలోచించకుండా మరిచిపోయినది లోటు. ఈ రెండింటికీ తేడా ఆ రోజు వచ్చినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ఈ రాత్రే ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక కాగితాన్ని రెండుగా మడవండి. ఒకవైపు కొండ, రెండోవైపు ఊరు అని రాయండి. నాలుగో మెట్టులోని ప్రశ్న అడుగుతూ ఒక్కొక్కటీ నింపండి. కొండ వైపు జాబితా ఊరి జాబితాలో సగం కూడా లేదంటే మీ పెళ్లి ఏర్పాటు దారిలో పడినట్టే. రేపు ఉదయమే పురోహితుడికి ఫోన్ చేయొచ్చు.